పచ్చి గంగ

తులసికోట ముందు ముగ్గు వేసి, గోడ పట్టుకుని లేవబోతున్నాను. వాకిట్లో కారు తుడుస్తున్న మా తమ్ముడు గుడ్డ పిండుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

“అక్కా, టెంకాయాయప్ప పోయినాడంట.”

“ఎప్పుడురా?”

“మొన్న తెల్లారి. నిద్దర్లోనేనంట. మంచి సావు.” కాసేపు అద్దం తుడిచాడు. “సైకిలు గూడా పక్కనే పండుకోనుంటాది.”

ఎగతాళికి అన్న మాట కాదది. ఆయన సైకిలుకు స్టాండు ఉండేది. అయినా ఎక్కడ దిగినా దాన్ని నెమ్మదిగా నేల మీద పడుకోబెట్టేవాడు. “ఇంత దూరం మనిషిని మోసుకోనొచ్చినాది. దానికీ నడుముంటాది గదా పాపా” అనేవాడు. మా వాకిట్లో, తులసికోటకు రెండు బారల అవతల, ఆ సైకిలు పడుకునే చోటు నాకు గుర్తే. అక్కడ ముగ్గు వేయకుండా వదిలేసే అలవాటు ఇప్పటికీ పోలేదు.

పేరు పెట్టి పిలిస్తే ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. చుట్టుపక్కల పల్లెలన్నిటికీ ఆయన టెంకాయాయప్ప. నాకు చిన్నాయన. మా నాయనకు తమ్ముడు కాడు, మాకు ఏ చుట్టమూ కాదు. నాయన ఆయనను తమ్ముణ్ణి పిలిచినట్టు “అప్పా” అని పిలిచేవాడు కాబట్టి నేను “చిన్నాయనా” అన్నాను, అంతే.

బోరు వేయాలనుకున్న రైతుకు చేనులో నీళ్లు ఎక్కడున్నాయో చూపించడం ఆయన పని. పాయింటు పెట్టడం అంటారు. చెప్పులు విప్పేసి, అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచేవాడు. కింద నీళ్లుంటే టెంకాయ అరచేతిలోనే నిలువుగా లేచేది. లేచిన చోట కాలి బొటనవేలితో గీత గీసి పక్కకు జరిగేవాడు. ఎంత లోతులో పడతాయప్పా, ఎన్ని పడతాయప్పా అని రైతు అడిగితే, “నేను గంగమ్మ తలుపు తట్టేటోణ్ణి. లోపల ఉండాదో లేదో, ఉంటే లేసి వస్తాదో లేదో నాకెట్ల తెలుస్తాది?” అనేవాడు. టెంకాయ నిజంగా లేస్తుందా, అది చేతి నేర్పా అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. నాకు తెలియదు. నేను బడికి పోయినదాన్ని కాదు.

మూడేళ్ల వయసులో జ్వరమొచ్చి నా కుడికాలు సన్నబడిపోయింది. బడి రెండు మైళ్ల దూరం. మా నాయన సాయంత్రాలు అరుగు మీద పలక పెట్టి నాకు అక్షరాలు దిద్దించాడు. తర్వాత పాత పంచాంగాలు, పురాణాలు, సరుకులు కట్టి వచ్చిన కాగితాలు, ఏది దొరికితే అది చదివించాడు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ అరుగు పుణ్యం, ఆయన ఓపిక పుణ్యం. రోజూ దండం పెట్టుకునేటప్పుడు ఆ అరుగును కూడా తలుచుకుంటాను.

కానీ ఊరు దాటిన రోడ్లను నాకు చదివి వినిపించింది మాత్రం చిన్నాయనే.

అరుగు చివర, స్తంభానికి వీపు ఆనించి, పొడుం పట్టు పట్టి మొదలుపెట్టేవాడు. “ఈ తూరి కుందుర్పి పక్క పోయింటిని పాపా.” ఇంక ఆ రోడ్డు మొత్తం వచ్చేది. ఎక్కడ ఎత్తు, ఎక్కడ దిగి తోయాలి, ఏ వేపచెట్టు నీడ పొద్దున ఉండి మధ్యాహ్నానికి మాయమవుతుంది, ఏ ఇంటి కుక్క వెంటపడి ఏ మలుపు దగ్గర ఆగిపోతుంది. “తాడిపత్రిలో బండ కోసే నీళ్లు కాలవల్లో తెల్లగా పారతాంటాయి. తెలీనోడు చూస్తే ఊరంతా పాలే అనుకుంటాడు. తాగితే సస్తాడు.” తనకల్లు దాటాక ఒక మిట్ట ఉందట. “దిగకుండా దాన్ని ఎక్కినోడు ఇంగా పుట్టలా” అనేవాడు. ఆ మిట్టను నేను మనసులో ఎన్నిసార్లు తోసుకుంటూ ఎక్కానో! చాలా ఏళ్ల తర్వాత మా తమ్ముడి కారులో ఆ దారిన పోతూ అడిగాను, మిట్ట ఎప్పుడొస్తుందిరా అని. “ఇప్పుడు దాటినామే, అదే” అన్నాడు. ఒక్క ఊపిరిలో అయిపోయింది. ఏదో పారేసుకున్నట్టనిపించింది.

టెంకాయతో బతికే మనిషి టెంకాయ పగలగొట్టేవాడు కాదు. గుడిలో కూడా కొట్టడు. లేత టెంకాయలోని ఎలనీరు తాగడు. పండక్కి కొబ్బరి పచ్చడి వడ్డిస్తే ఆకులో ఒక మూలకు జరిపేవాడు. “నాకు అన్నం పెట్టేది అదే. దాని తల పగలగొట్టేదానికి చెయ్యెట్ల వస్తాది?”

ఇంకొక విద్య ఉండేది ఆయనకు, నీళ్ల రుచి పట్టడం. ఊళ్లో వాళ్లు సరదాకు మూడు చెంబుల్లో మూడు చోట్ల నీళ్లు తెచ్చి ముందు పెట్టేవాళ్లు. ఒక్కో గుక్క నోట్లో పట్టి, కళ్లు మూసుకుని, “ఇది బడికాడి బోరుది, సుద్ద. ఇది ట్యాంకరుది, ఇనుము. ఇది ఈ ఇంటిదే, చిల్లగింజ” అనేవాడు. నీళ్లు తేరుకోవడానికి కుండ లోపల చిల్లగింజ అరగదీయడం మా అమ్మ అలవాటు. అమ్మ పోయాక నేను కొనసాగించాను. ఊళ్లో మిగతావాళ్లు క్యాన్ల నీళ్లకు మారి ఎప్పుడో మానేశారు.

ఇంత నాలుక ఉన్న మనిషికి ఒక నియమం ఉండేది. పాయింటు పెట్టిన ఇంట్లో, బోరులో నీళ్లు పడేదాకా మంచినీళ్లు ముట్టడు. మజ్జిగ ఇచ్చినా అంతే. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా చేనులో ఆయన గీత గీసిన చోట నీళ్లు పైకి ఎగిరాయి. నాయన నన్ను ఎత్తుకుని తీసుకుపోయి చూపించాడు. ఆ బురదలోనే నిలబడి చిన్నాయన చెంబుడు నీళ్లు తాగాడు. సగం గొంతులోకి, సగం చొక్కా మీదికి. ఆ తర్వాత ఇరవై ఏళ్లు, మా ఇంటికి ఎప్పుడొచ్చినా ముందు పెద్ద చెంబుతో నీళ్లు, తర్వాతే మాట. ఆ చెంబు తీసుకుపోయి ఇవ్వడం నా పని. కుంటుకుంటూ పోయినా ఒక్క చుక్క తొణకనిచ్చేదాన్ని కాదు.

తర్వాత అందరి బోర్లు ఎండినట్టే మాదీ ఎండింది. చీనీచెట్లు, అదే బత్తాయి, ఆకులు ముడుచుకున్నాయి. నాయన మళ్లీ ఆయననే పిలిచాడు. మళ్లీ టెంకాయ లేచింది, మళ్లీ గీత గీశాడు. బోరుబండి పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా తెల్లటి దుమ్మే వచ్చింది. చెట్ల మీద, నాయన తల మీద, తమ్ముడి కనుబొమల మీద బండపిండి. బండివాళ్లు గొట్టాలు విప్పుకుంటుంటే నాయనే ఆయన దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేశాడట. “గంగమ్మ ఇంట్లో లేదులేప్పా. తలుపు తట్టినోడి తప్పేముండాది?”

చిన్నాయన సైకిలు లేపుకుని వెళ్లిపోయాడు.

మూడు నెలలకు వచ్చాడు. అదే స్తంభం, అదే చోటు. నేను చెంబు తీసుకుపోయాను. రెండు చేతులూ జోడించాడు. “వద్దు పాపా. మీ చేన్లో పడినాక తాగుతా.”

ఇంకొక బోరు వేసే శక్తి మాకు లేదని ఆయనకూ తెలుసు. చెట్లు పోయాయి. ఏడాది తిరగకుండా నాయన పోయాడు. తమ్ముడు చేను బీడు పెట్టి కారు తెచ్చుకుని బాడుగలకు తిరగడం మొదలుపెట్టాడు. వాడి భార్య, పిల్లలు చదువుల కోసం కదిరిలో ఉంటారు. వాడు రెండు చోట్లా ఉంటాడు, అంటే ఎక్కువగా రోడ్డు మీద ఉంటాడు. నేను ఈ ఇంట్లో ఉంటాను. నెలకొకసారో రెండుసార్లో చిన్నాయన వచ్చేవాడు. సైకిలు హ్యాండిలుకు ఒక సీసా వేలాడేది, వాళ్లింటి నీళ్లతో. నేను చెంబు తెచ్చి పక్కన పెట్టేదాన్ని. ఆయన దానికి దండం పెట్టి, తన సీసా మూత తీసుకునేవాడు.

మా అరుగు మీద కూర్చుని ఇంకో ఇంటి నీళ్లు తాగే మనిషిని చూస్తుంటే నా గొంతు ఎండేది. నాకు పెళ్లి కాలేదు. నా చేతి మీదుగా ఏదైనా పుచ్చుకునే మనుషులు నా బతుకులో తక్కువ. దేవుడు నాకు ఇచ్చినవాటికి కృతజ్ఞత చెప్పుకోవడమే తప్ప అడగడం పెద్దగా అలవాటు లేదు. ఇది మాత్రం అడిగాను. ఒక్కసారి ఆయన నా చేతి నీళ్లు తాగితే చాలు తండ్రీ అని, ఏళ్ల తరబడి.

నాలుగేళ్ల కిందట కన్నడదేశంలోని కొల్లూరు అమ్మవారి మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరినప్పుడు, చిన్నాయనను కూడా తీసుకుపోదామని తమ్ముణ్ణి అడిగాను. నీళ్లు చూపిస్తూ బతికిన ఆ మనిషి సముద్రం చూడలేదని, అది చెప్పుకోవడానికి సిగ్గుపడతాడని నాకు ఒక్కదానికే తెలుసు.

“మన చేన్లో దుమ్ము లేపినాయప్పకు మన కార్లో సముద్రమా?” అన్నాడు తమ్ముడు. కాసేపటికి వాడే, “సర్లే. ముందర కూచోబెడదాం. ఎనక కూచుంటే కక్కుతాడు” అన్నాడు.

ముందర కూర్చున్నా ఘాట్ రోడ్డులో రెండుసార్లు కారు ఆపించాడు. “ఏం పోవడమప్పా ఇది! నేల కాళ్లకు తగల్దు, చెట్టు కండ్లకు నిలబడదు” అని కారును తిట్టాడు. గుడిలో ఆయన తరఫు టెంకాయ నేనే కొట్టించాను. పగిలిన చప్పుడుకు ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

దర్శనం అయ్యాక కిందికి దిగి, సముద్రం ఒడ్డున ఉన్న మరవంతె వైపు తిరిగాము. ఆ రోడ్డును ఎలా చెప్పాలి? ఎడమ పక్క, చేయి చాపితే అందేంత దగ్గరగా సముద్రం. కుడి పక్క నది, కొబ్బరిచెట్ల నీడలు మోస్తూ. రెండు చెరువుల నడుమ గట్టులాగా రోడ్డు. నేను అమ్మవారికి మనసులో దండం పెట్టుకున్నాను. ముందు సీట్లో చిన్నాయన మెడ అటూ ఇటూ తిరుగుతోంది.

“తీప్పా టెంకాయ! ఈడ యాడ పడతాదో చూద్దాం” అన్నాడు తమ్ముడు.

“కనబడే నీళ్లకు నేనెందుకప్పా?” అని నవ్వాడు చిన్నాయన. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఆయన పని అవసరం లేని నేల ఒకటి ఉందని అప్పుడే తెలిసినట్టు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

రోడ్డు పక్కన ఒక ఎలనీరు అంగడి కనబడింది, దాని వెనుక ఒక సైకిలు. “ఆపు, ఆపు” అన్నాడు. దిగి, కుందుర్పి పక్క పల్లెల్లో నేర్చిన కన్నడంలో అంగడాయనతో ఏదో మాట్లాడాడు. అంగడాయన నవ్వి సైకిలు ఇచ్చాడు. తన సీసాను అంగడి బల్ల మీద పెట్టి, సీటు దించుకుని, నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

“పాపా, ఈ రోడ్డు నేను కాళ్లతో చూస్తా. మీరు ఎనక రాండి.”

డెబ్బై దాటిన మనిషి. అది పెద్ద రోడ్డు, లారీలు పోతున్నాయి. తమ్ముడు దీపాలు మినుకుమనేలా పెట్టి, కారును సైకిలు వెనకే నడిపించాడు. “ఏ లారీ అన్నా తోసేస్తే ఆయప్ప ఇంట్లో ఆయమ్మకు ఏమని చెప్పాలక్కా?” అని గొణిగాడు కానీ హారన్ ఒక్కసారీ కొట్టలేదు. గాలికి చిన్నాయన చొక్కా వీపు మీద ఉబ్బింది. ఆరబెట్టిన వలలు, ఒడ్డుకు లాగిన పడవ మీద కాకులు, సముద్రం వైపు వంగిన కొబ్బరిచెట్లు, అన్నీ ఆయన తొక్కే వేగంతోనే నా కిటికీలోకి వచ్చి, నిలబడి, పోతున్నాయి. వెనక్కి తిరగకుండానే ఆయన చెయ్యి ఎత్తి ఎడమకు చూపించేవాడు. కొంత దూరం పోయాక కుడికి. నాకే చూపిస్తున్నాడు. జిల్లా రోడ్లన్నీ నాకు మాటల్లో చెప్పిన మనిషి ఈ ఒక్క రోడ్డు నాతో కలిసి చూస్తున్నాడు.

చాలా దూరం పోయాక సైకిలును అంచున పడుకోబెట్టాడు. అలలకు అడ్డంగా వేసిన నల్లబండల మీదుగా దిగి, సముద్రంలో వేలు ముంచి నాకి, ఉమ్మేశాడు. తర్వాత రోడ్డు దాటి నది దగ్గరికి పోయాడు. వంగి, దోసిలి పట్టి, నోట్లో పోసుకున్నాడు. అక్కడి నుంచి తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

“అది గూడా ఉప్పే పాపా. సముద్రం ఎగదన్నినాది.”

బండ మీద కూలబడ్డాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి. చెయ్యి సైకిలు హ్యాండిలు వైపు పోయింది, సీసా కోసం. అది ఆయన సైకిలు కాదు. సీసా ఎక్కడో వెనక, అంగడి బల్ల మీద ఉంది. ఆ అంగడిలో ఉన్న ఎలనీరు ఆయన ముట్టడు. కనుచూపు మేరలో ఇల్లు లేదు. రెండు పక్కలా నీళ్లు, నడుమ నోరెండిపోయిన మనిషి.

నా దగ్గర నీళ్లున్నాయి. యాత్రకు పోతే తిరిగి ఇల్లు చేరేదాకా నేను ఇంటి నీళ్లే తాగుతాను. తమ్ముడు అంగట్లో కొని తాగి కారులో పారేసిన ఖాళీ నీళ్ల సీసాలు కడిగి, మా కుండలో నీళ్లు నింపుకుని వచ్చాను. సీసాకు అంగడి కాగితం అలాగే అంటుకుని ఉంది. కారు దిగి, తలుపు పట్టుకుని, చేయి చాపాను.

ఆయన సీసాను చూశాడు, నన్ను చూశాడు.

“కొన్నవేనా పాపా?”

అమ్మవారి కుంకుమ నా నుదుట ఇంకా తడి ఆరలేదు.

“కొన్నవే చిన్నాయనా.”

సీసా అందుకుని, పైకెత్తి పోసుకున్నాడు. మొదటి గుక్క నోట్లోనే ఉండిపోయింది. బుగ్గ కదల్లేదు. సముద్రం వైపు చూస్తున్నాడు. నేను ఒంటికాలి మీద నిలబడి ఆయన గొంతునే చూస్తున్నాను. ఒక అల వచ్చి బండలకు కొట్టుకుని వెనక్కి పోయింది. అప్పుడు మింగాడు. ఆ తర్వాత ఆపకుండా సగం సీసా తాగాడు, సగం గొంతులోకి, సగం చొక్కా మీదికి.

“బాగుండాయి” అన్నాడు మూతి తుడుచుకుంటూ. సీసా నా చేతికిచ్చి, సైకిలు లేపుకుంటూ, “ఇంగ ఈ రోడ్డు నేను నీకు చెప్పే పన్లేదు పాపా. నువ్వే చూసినావు” అన్నాడు.

ఆ తర్వాత ఆయన మా ఇంటికి వచ్చినప్పుడల్లా నేను చెంబు పెట్టడం, ఆయన దండం పెట్టడం మామూలే. వయసు మీదపడి నాలుక మొద్దుబారిందేమో, నా అబద్ధం దాటిపోయింది అనుకున్నాను. అడిగింది ఇచ్చినందుకు దేవుడికి దండం పెట్టాను. అడ్డదారిలో పుచ్చుకున్నందుకు శుక్రవారాలు ఒంటిపూట ఉన్నాను. రెండేళ్లకు మోకాళ్లు సహకరించక ఆయన రావడం మానేశాడు. వాకిట్లో సైకిలు పడుకునే చోట గడ్డి మొలిచింది.

మొన్న తమ్ముడు ఆ మాట చెప్పాక, నన్ను వాళ్ల ఊరికి తీసుకుపొమ్మన్నాను. ఆరేడు మైళ్లు. వాళ్ల గుడిసె ముందు ఎవరో ఆ సైకిలును తుడిచి, స్టాండు వేసి నిలబెట్టారు. తమ్ముడు కారు దిగి, నా కోసం తలుపు తీసి, నేరుగా దాని దగ్గరికి పోయాడు. స్టాండు తీసి, నెమ్మదిగా నేల మీద పడుకోబెట్టి, కారు దగ్గరికి తిరిగి వచ్చి నిలబడ్డాడు.

ఆయన భార్య గడపలో కూర్చుని ఉంది. ఆమెను నేను చిన్నమ్మా అంటాను. నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. కొంతసేపు మేక ఒకటి అరిచింది. తర్వాత ఆమే అంది.

“సముద్రం కాడ మీ ఇంటి నీళ్లు తాగినాడంట గదా.”

నేను ఆమె చేతిలోంచి నా చెయ్యి తీసుకున్నాను.

“ఆ పొద్దు ఇంటికొచ్చినాక సముద్రం ఎట్లుండాదో చెప్పలా నాకు. ఇదే చెప్పినాడు. నోట్లో పడంగానే చిల్లగింజ తగిలినాదంట. ‘ఊసేద్దామనుకుంటినే, ఆ పాప ఒంటికాలి మీద నిలబడి నా నోరే చూస్తాండాది, ఎట్ల ఊసేది?’ అనె.”

“మరి మా ఇంటికొచ్చినప్పుడు ఒక్కసారన్నా తాగలేదే చిన్నమ్మా?”

“నేనూ అదే అడిగినా. ఒక తూరి తాగినోడివి, ఇంగేం నియమమప్పా అని. ‘తాగితే, ఆయమ్మి అబద్ధం నాకు తెల్సిపోయిందని దానికి తెలుస్తాది. దేవుని మనిషి, కుమిలిపోతాది. నాకు తెలీనట్టే ఉండనీ’ అన్నాడు.” పైట కొంగుతో ముక్కు తుడుచుకుంది. “ఇంట్లో మైల పాపా. ఇంత దూరం వచ్చినావు, నీకు ఏమీ ఇయ్యలేను.”

మైల ఇంట్లో పచ్చి గంగ కూడా ముట్టకూడదని మా అమ్మ చెప్పింది. ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ తప్పలేదు. తమ్ముడు కారు దగ్గర నుంచి, “పోదామా అక్కా?” అన్నాడు.

“చిన్నమ్మా, దాహమైతాంది. ఒక చెంబు నీళ్లియ్యి.”

ఆమె నా ముఖం కేసి చూసింది. “మైల పాపా.”

“తెలుసు చిన్నమ్మా.”

లోపలికి పోయి తెచ్చింది. రెండు చేతులతో అందుకుని, పైకెత్తి పోసుకున్నాను. మొదటి గుక్క నోట్లోనే పట్టి కళ్లు మూసుకున్నాను. సుద్దా, ఇనుమా, ఏ బోరుదో చెప్పే నాలుక నాకు లేదు. మింగాను.